చెంబు మీద పేరు

ఈ క్రిస్మస్‌కి మాల్స్ వైపు పోకూడదనుకున్నాను. ఎవరికిచ్చినా పాత వస్తువే ఇవ్వాలని నియమం పెట్టుకున్నాను.

పాతవాటి మీద నాకున్న పిచ్చికి కారణముంది. మా అమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెనలో గుడిసెతో పాటు ట్రంకు పెట్టె, అందులో ఉన్న అమ్మమ్మ కీర్తనల పుస్తకం అన్నీ పోయాయి. నాన్న వైపు ఉన్న నాలుగు సామాన్లూ అప్పులవాళ్ళు పట్టుకుపోయారు. తోటి లెక్చరర్ల ఇళ్ళకెళ్తే తాతగారి భోషాణం, ముత్తాత పడక్కుర్చీ చూపిస్తారు. మా ఇంట్లో అన్నిటికన్నా పాతది మా అమ్మే.

నాన్నకి హెచ్ఎంటీ జనతా కొన్నాను. రోజూ కీ ఇచ్చుకునే గడియారం. సరిగ్గా అలాంటిదే ఆయన నా పీజీ ఫీజు కోసం అమ్మేశాడు. పాత హెచ్ఎంటీల డయల్‌కి కొత్త రంగేసి అంటగట్టేవాళ్ళు ఎక్కువ, మరీ మెరుస్తుంటే అనుమానించాలి. నాకు దొరికినదాని డయల్ పసుపెక్కి ఉంది. రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. నాన్న ఏమీ మాట్లాడలేదు. చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

తమ్ముడు పాటల పిచ్చోడు, వాడికి గద్దర్ క్యాసెట్ ఇచ్చాను. విందామంటే ప్లేయర్ లేదు, అది వేరే కథ.

కవిత్వం రాసే నా స్టూడెంట్‌కి 1995 నాటి ‘చిక్కనవుతున్న పాట’ ఇచ్చాను. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది. ఏదో కాలేజీ లైబ్రరీ ముద్ర, దాని మీద ‘రద్దు’ అని ఇంకో ముద్ర. వెనక అంటించిన చీటీలో మూడే మూడు తేదీలు. ఆ పిల్ల పుస్తకం కంటే ముందు ఆ చీటీనే చదివింది.

ఇక అమ్మ సంగతి.

జుమ్మేరాత్ బజార్లో ఒక ఇత్తడి చెంబు చూశాను. మెడ దగ్గర చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది. ఇంటిపేరు, పేరు, చివర కులం తోక. మధ్యలో ఒకచోట వలపలగిలక! తెలుగులో పీహెచ్‌డీ చేసినదాన్ని కదా, ఆ గిలక చూసి మురిసిపోయాను. తోక కూడా చదివాను. చదివే కొన్నాను.

చింతపండుతో తోమి, ఎర్ర రిబ్బన్ కట్టి అమ్మ చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఏంటే ఇది?”

“చెంబమ్మా. చాలా పాతది.”

“తెలుసులే. ఇట్టాంటి చెంబుతోనే మాకు ఎత్తి పోసేవాళ్ళు. వరి కోతకి పోయినప్పుడు వాళ్ళ అరుగు కింద వంగి, దోసిలి పట్టి తాగేవాళ్ళం. చెంబు ఎంత ఎత్తున ఉండేదంటే, నీళ్ళు ముక్కులోకి పోయేయి. దగ్గొచ్చినా దోసిలి తియ్యకూడదు, తీస్తే ఇంక పొయ్యరు.”

రిబ్బన్ విప్పి మడత పెట్టింది. రిబ్బన్ మాత్రం ఉంచుకుంది.

“వాళ్ళ పేరున్న చెంబుతో నా ఇంట్లో నన్ను నీళ్ళు తాగమంటావా?”

ఎత్తి పోసిన నీళ్ళ గురించి క్లాసులో గంటసేపు ఆపకుండా మాట్లాడగలను. ఆ రోజు నోరు పెగల్లేదు.

మర్నాడు చెంబుని తూకానికి అమ్మేశాను. కొన్న ధరలో సగం కూడా రాలేదు. ఆదివారం మళ్ళీ అబిడ్స్ వెళ్ళాను. అట్ట ఊడిన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ దొరికింది. అంచులు చెదలు కొట్టాయి, లోపలి పేజీలు బాగానే ఉన్నాయి. మొదటి పేజీలో నీలం సిరాతో ఒకావిడ పేరు, వంకరటింకర అక్షరాలతో.

అమ్మకి ఆ అక్షరాలు ఆనవు. అయినా తనక్కావాల్సిన కీర్తన నంబరు చెప్పి నన్ను వెతకమంది. నేను పేజీ తీసేలోపే మూడో చరణంలో ఉంది. పాడటం అయ్యాక మొదటి పేజీ చదవమంది. చదివాను.

“ఇట్టాంటి పుస్తకం బతికుండగా ఎవరూ అమ్ముకోరే. పోయుంటది పాపం,” అంది.

క్రిస్మస్ ఆరాధనలో పాస్టర్ గారికి ఒక చీటీ అందించింది. మా ఇంటివాళ్ళ పేర్ల కింద ఆవిడ పేరు కూడా ఉంది.