ఫోనులోని యుద్ధమూ, మా యింటి పిల్లవాడూ

మా బళ్లారిలో తెలుగువారి యిండ్లలో ఏ నామకరణానికో, గృహప్రవేశానికో పదిమంది కూడితే చాలు, ఈ మధ్య మాట తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తున్నది. వానలు, మిరప ధర, పెండ్లి సంబంధాలు అన్నీ అయిన తరువాత ఎవరో ఒక తల్లి, "మావాడు ఎప్పుడు చూసినా ఆ ఫోనులో తుపాకి పట్టుకొనే ఉంటాడు, వీడు రేపేమవుతాడో" అంటుంది. దానిమీద తలకొక మాట. పిల్లలు రాక్షసులవుతున్నారని ఒకరు, ఎన్టీఆర్ కత్తియుద్ధాలు చూసి మనమేమీ హంతకులం కాలేదు గదా అని ఇంకొకరు. పాయసం చల్లారిపోతుంది గాని వాదం చల్లారదు.

నేనొక ఆఫీసులో గుమాస్తాను. చదివినది ఎస్సెస్సెల్సీ. మనస్తత్వ శాస్త్రం నా పని కాదు. కాని ఇంట్లో పదమూడేండ్ల కొడుకూ, ఏడేండ్ల కూతురూ ఉన్నారు గనుక ఈ విషయం నాకు ఊరి విషయం కాదు, ఇంటి విషయం. ఫైలులో ఏ కాగితం వెనుక ఏ కాగితం ఉన్నదో చూడడం వృత్తి గనుక, దీనిని కూడా అట్లాగే చూసినాను.

ఆట ఎట్టిదో తెలియని పెద్దల కోసం రెండు మాటలు చెప్పవలె. నూరుమంది విమానంలోంచి పారాచూట్లు కట్టుకొని ఒక దీవిలో దిగుతారు. దిగినప్పుడు చేతులు ఖాళీ. అక్కడి ఇండ్లలో దూరి తుపాకులు, మందుకట్లు, ఇనుప టోపీలు ఏరుకోవలె. దీవి చుట్టూ ఒక గిరి ఉంటుంది. అది అంతకంతకు కుంచించుకొని వస్తుంది. గిరి వెలుపల చిక్కినవాడికి ప్రాణం తరుగుతూ పోతుంది. కనుక అందరూ దగ్గరికి రాక తప్పదు, వచ్చిన తరువాత కాల్చుకోక తప్పదు. చివర మిగిలిన జట్టుది గెలుపు. పబ్జీ అనే పేరుతో ఇది 2018లో ఫోనులకు వచ్చి, రెండేండ్లలో పల్లెలకు కూడా పాకింది. తరువాత అటువంటివే మరికొన్ని వచ్చినవి. మావాడు ఆడేది వాటిలో ఒకటి. పేరుతో మనకు పని లేదు.

సర్కారువారు ఏమి చేసినారంటే, 2019 మార్చిలో గుజరాతులోని రాజ్‌కోట్ పోలీసులు పబ్జీని నిషేధించి, ఆడుతూ దొరికిన పదిమందిని అరెస్టు చేసినారు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించినప్పుడు అదీ అందులో పోయింది. మా వీధిలో తల్లులు ఆనాడు పండుగ చేసుకొన్నారు. కాని ఆ ఉత్తర్వులో చెప్పిన కారణం దేశభద్రత, జనుల వివరాలు బయటి దేశాలకు పోతున్నవని. హింస ఊసే లేదు. 2021లో అది పేరు మార్చుకొని తిరిగి వచ్చింది, 2022లో మళ్లీ మాయమైంది, 2023లో 18 ఏండ్ల లోపువారికి రోజుకు 3 గంటలు, పెద్దలకు 6 గంటలు అనే కట్టడితో మరల వచ్చింది. మన దేశపు ఆటలో నెత్తురు ఎరుపు కాదు, ఆకుపచ్చ. రంగు మారిస్తే చావు తేలికవుతుందని ఎవరికి తోచిందో గాని, ఆ బుద్ధిని మెచ్చుకోవలసినదే!

ఈ తగవు మనతో పుట్టినది కాదు. అమెరికాలో 1976లోనే, బొమ్మ కారుతో బొమ్మ మనుషులను తొక్కించే 'డెత్ రేస్' అనే ఆటమీద గొడవ లేచింది. 1993లో అక్కడి సెనేటులో విచారణ జరిగితే, మరుసటి ఏడు కంపెనీలవారు తమంతట తామే డబ్బాల మీద వయసు ముద్ర వేయడం మొదలుపెట్టినారు. కాలిఫోర్నియావారు హింస ఉన్న ఆటలు పిల్లలకు అమ్మరాదని 2005లో చట్టం చేస్తే, 2011లో వారి సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా దానిని కొట్టివేసింది. తీర్పు వ్రాసిన స్కాలియాగారు పిల్లల కథలలో మాత్రం హింస తక్కువా అని అడిగినారు. సిండ్రెల్లా సవతి అక్కల కండ్లను పావురాలు పొడిచినవి గదా, ఇద్దరు పిల్లలు మంత్రగత్తెను పొయ్యిలో త్రోసి కాల్చినారు గదా అన్నారు.

అది చదివినప్పుడు నాకు మా అవ్వ ఊరు గుర్తుకు వచ్చింది. చిన్నప్పుడు అక్కడ తోలుబొమ్మలాట కడితే తెల్లవార్లూ చూసేవాళ్లం. కీచకవధ రాత్రి బొమ్మను మడిచి మడిచి ముద్ద చేసేవారు. పిల్లలందరం చప్పట్లు కొట్టేవాళ్లం. ఒక్క తండ్రీ లేచి, పిల్లలు చెడిపోతారు, దీపం ఆర్పండి అనలేదు. టీవీలో రామాయణం వచ్చిన రోజులలో వీధిలోని చీపుళ్లన్నీ బాణాలైపోయినవి. కనుక 'హింస చూపితే చాలు, పిల్లవాడు చెడును' అనే మాట నాకు మింగుడు పడదు.

అయితే తోలుబొమ్మలాటలో కీచకుడు చచ్చే ముందు ద్రౌపది ఏడ్చేది. ఆ ఏడుపు గంటసేపు. వాడెందుకు చావవలెనో చీకటిలో కూర్చున్న మాకందరికీ తెలిసేది. భారతంలో యుద్ధం అయిన వెంటనే కథ కంచికి పోదు. పర్వమంతా ఆడవాళ్లు శవాల మధ్య తిరిగి ఏడుస్తారు. ఫోనులోని ఆటలో చచ్చినవాడు ఏమవుతాడో తెలుసునా? పెట్టె అవుతాడు. అవును, మనిషి పోయి అక్కడొక పెట్టె మిగులుతుంది. చంపినవాడు దానిని తెరచి, అందులోని తూటాలు, మందులు తీసుకొని పరుగెత్తుతాడు. ఏడ్చేవాడు లేడు, ఏడ్వడానికి వ్యవధి లేదు. నాకు తుపాకి కంటె ఈ పెట్టె ఎక్కువ బాధ పెట్టింది.

ఒక ఆదివారం ఇదే మాట మావాడితో అన్నాను. వాడు నన్ను జాలిగా చూసి, "నాన్నా, అది చావు కాదు, ఔటు. వాడు అప్పుడే ఇంకో ఆటలో దిగింటాడు" అన్నాడు.

నేను ఆలోచనలో పడినాను. మేము చెడుగుడు ఆడేటప్పుడు ఏమనేవాళ్లం? 'వాడు చచ్చినాడు, బయట కూర్చోబెట్టండి' అనేవాళ్లం. అవతలివాడు ఒకడు చస్తే ఇవతలివాడు ఒకడు బ్రతికేవాడు. పొద్దు గూకేలోపల నేను పదిసార్లు చచ్చి పదిసార్లు బ్రతికి, మోకాళ్లు చీరుకొని ఇంటికి పోయేవాణ్ణి. చావు అనే మాటను మేము అంత తేలికగా వాడినాము, ఒక్కరమూ దానిని చావనుకోలేదు. పిల్లలకు ఈ రెంటికీ భేదం పెద్దలు చెప్పకుండానే తెలుస్తుంది కాబోలు. కాకుంటే చెడుగుడులో చచ్చినవాడు పక్కన కూర్చొని నన్ను వెక్కిరిస్తుండేవాడు. వాడి చెమట వాసన నాకు తగిలేది. ఫోనులో ఆ వాసన లేదు. భేదం అంతవరకు ఉన్నది.

పండితులు ఏమంటున్నారో కూడా చూసినాను. 1961లో స్టాన్‌ఫర్డ్‌లో బందూరా అనే ఆయన, ఒక పెద్దమనిషి గాలిబొమ్మను చితక గొట్టడం పసిపిల్లలకు చూపితే, వాళ్లు కూడా అట్లాగే కొట్టినారని కనుక్కొన్నారు. కొట్టడానికే చేసిన బొమ్మను కొట్టక ఏం చేస్తారని తరువాతివారు అడిగినారు. నాకూ ఆ ప్రశ్న సబబనిపించింది. 2018లో 17,000 మందికి పైగా పిల్లలమీద జరిగిన 24 పరిశోధనలను కలిపి లెక్కవేసినవారు, హింసాత్మకమైన ఆటలు ఆడేవారిలో కొట్లాట కొంచెం పెరుగుతున్నదన్నారు. ఆ 'కొంచెం' అన్నది వారి మాటే. 2019లో ఆక్స్‌ఫర్డ్‌వారు ఇంచుమించు వెయ్యిమంది బ్రిటిషు పిల్లలను, వాళ్ల పెద్దలను అడిగి, సంబంధమేమీ కనబడలేదన్నారు. అమెరికా మనస్తత్వవేత్తల సంఘంవారు 2020లో, విసురు మాటలు, తోపులాటల వంటివాటికి కొద్ది సంబంధం ఉన్నది గాని, హత్యలకూ ఘోరాలకూ ఆటలే కారణమనడానికి ఆధారం చాలదు అన్నారు. మనము పేరంటంలో ఈ రెంటినీ ఒకే గంపలో వేస్తాము. తలుపు దడాలున వేసిన పిల్లవాడినీ, కత్తి పట్టినవాడినీ ఒకే వాక్యంలో ఇరికిస్తాము.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన తమ జబ్బుల జాబితాలో ఆటల వ్యసనాన్ని చేర్చినారు. ఆట మీద అదుపు తప్పడం, తిండికంటె చదువుకంటె ఆటే ముఖ్యం కావడం, నష్టం కండ్లకు కనబడుతున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. అందులో కూడా తుపాకి మాట లేదు; రంగు గోళీలు కలిపే ఆటకైనా అది వర్తిస్తుంది. మన బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుండి దీనికోసమే ఒక క్లినిక్కు ఉన్నది. అవసరమైన ఇంటివారు సిగ్గుపడి ఊరుకోక అక్కడికి పోవచ్చును.

ఇక మా యింటి లెక్క. పాత ఆఫీసు డైరీ ఒకటి తీసుకొని, ఒక నెల ముప్పైయొక్క దినాలు వ్రాసిపెట్టినాను. వాడు ఎప్పుడు ఆడినాడు, ఎంతసేపు, ఇంట్లో రగడ ఎప్పుడు జరిగింది. ఆడినది 22 దినాలు. రగడలు 9. ఆ తొమ్మిదిలో ఆరు, వాళ్లమ్మ నడిమధ్యన ఫోను లాక్కొన్నప్పుడు. రెండు, రాత్రి దుప్పటిలో దూరి ఆడి, పొద్దున లేవలేక బడికి ఆలస్యమైనప్పుడు. మిగిలిన ఒకటి ఆడని దినమే వచ్చింది, చెల్లెలు వాడి జామెట్రీ డబ్బా విరగ్గొట్టినందుకు. ఇది శాస్త్రం కాదు, గుమాస్తా లెక్క. కాని ఆ ఆరింటి సంగతి అడిగితే వాడు చెప్పినది సబబుగానే తోచింది. ఆట అరగంట నడుస్తుంది, మధ్యలో ఆపడానికి వీలులేదు. నలుగురి జట్టులో ఒకడు పోతే మిగిలిన ముగ్గురూ ఓడిపోతారు, తిడతారు. "ఐదు నిమిషాలు ఉండమ్మా" అని వాడు వేడుకొనేది అందుకే. కనుక ఇప్పుడు మా యింట్లో నిమిషాల లెక్క మానినాము. దినానికి రెండు ఆటలు. రెండవది అయినాక ఫోను వంటింటి అలమరలో, పప్పు డబ్బాల వెనుక. రగడ పూర్తిగా పోలేదు, సగమయింది. దుప్పటి ఆట మాత్రం పోయింది.

ఇంకొక వింత చెప్పవలె. మావాడి చదువు ఇంగ్లీషు, వీధి కన్నడం. తెలుగు అవ్వ దగ్గర నేర్చినంతే. ఇప్పుడు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని ఆదోని కుర్రవాళ్లతోను, గుంటూరు కుర్రవాళ్లతోను గడగడ మాట్లాడుతున్నాడు. వాడి నోట 'అయ్యిపోయినాడురా మామా' వంటివి వింటుంటే, ఏండ్లతరబడి నేను నేర్పలేనిది ఆ దీవి నేర్పిందే అనిపిస్తుంది. ఒక సాయంత్రం వాడు కేక వేసి, "అవ్వా, ఈ పొద్దు పన్నెండు వేసేసినా!" అన్నాడు. మా అమ్మ వంటింట్లోంచి, "పన్నెండు దోసెలా? పిండి ఎవరు కలిపిచ్చినార్రా?" అని అడిగింది. ఇంటిల్లిపాదీ నవ్వినాము. నవ్వుతూనే, పన్నెండు ప్రాణాల మాటను అంత సంబరంగా చెప్పినాడే అని నా భార్య ముఖం చిన్నబుచ్చుకొన్నది. ఆ తెలుగు వెంట వచ్చిన బూతులు వేరే సంగతి. అవి ఇక్కడ వ్రాయరానివి. ఒకసారి హెడ్‌ఫోను తీగ ఊడి అవి నడింట్లో మ్రోగినప్పుడు, నా భార్య దేవుడి గది తలుపు మూసింది.

నా తండ్రి పోయిన ఏడు పోయినారు. అప్పటికి మావాడు ఆ ఆట మొదలుపెట్టి ఏడాది దాటింది. వచ్చినవారిలో ఒక పెద్దమనిషి, "ఈ కాలపు పిల్లలకు చావంటే ఏమి తెలుస్తుందిలే, ఫోనులో దినమూ చూసేదే గదా" అన్నారు. నేను బదులు చెప్పలేదు. పదకొండు దినాలూ వాడు ఫోను ముట్టలేదు. ముట్టవద్దని ఎవరూ అనలేదు. వాకిట్లోని తాత చెప్పులు తీసి ఎవరికో ఇద్దామంటే, వాటిని పట్టుకొని వదలలేదు. ఇప్పటికీ అవి వాడి బడి సంచి పెట్టే గూటిలో ఉన్నవి. వాడు మళ్లీ ఆటలో దిగినది నెల తరువాత. మొదటి సాయంత్రమే ఎప్పటివలె కేకలు వేసినాడు. ఆ కేకలకూ ఆ చెప్పులకూ ఏమి చుట్టరికమో నేను విడదీసి చెప్పలేను. రెండూ మా యింట్లోనే ఉన్నవి.

ఇప్పుడు మాకు వచ్చిన చిక్కు చిన్నదానితో. అన్న ఆడుతుంటే పక్కన చేరి, "అన్నా, చెట్టు వెనుక ఉన్నాడు, కాల్చు" అని దారి చూపుతున్నది. ఏడేండ్ల పిల్లకు ఇది తగదని నేనూ నా భార్యా అనుకొంటూనే ఉన్నాము, ఎట్లా మానిపించేదా అని. మొన్న అది, "నాకూ ఒక ఆట ఇవ్వు నాన్నా" అని నా ఒడిలోకి ఎక్కింది. నేను నోరు తెరిచే లోపలే, మావాడు తల ఎత్తకుండా, "దానికి వద్దు నాన్నా" అన్నాడు.

"ఎందుకురా? అది చావు కాదు, ఔటు అంటివి గదా!" అన్నాను.

వాడు కాసేపు ఊరుకొని, "చిన్నది నాన్నా, దానికి ఇంకా తెలీదు" అన్నాడు. ఆ తరువాత అడక్కుండానే ఫోను తెచ్చి అలమరలో పెట్టినాడు. ఆ పూట రెండవ ఆట ఇంకా మిగిలే ఉన్నది.