కావలివాడికి కావలి

వెనకటి రోజుల్లో తంతి వచ్చిందంటే యిల్లంతా గొల్లుమనేది. తంతి బంట్రోతు వాకిట నిలబడి సంతకం పెట్టమనగానే, కవరు చింపకముందే ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకునేవారు. అందులో అబ్బాయి పరీక్ష ప్యాసయిన కబురున్నా సరే! మన దేశంలో ఆ తంతి 2013 జూలైలో శాశ్వతంగా మూగబోయింది. పీడా విరగడయిందనుకున్నాను. కాని దాని వారసుడు మా యింట్లోనే, మా అమ్మాయి తలగడ కింద వెలిశాడు.

మా అమ్మాయి ఒక కంపెనీలో సర్వర్లకు కావలి కాస్తుంది. సర్వరంటే మా తరానికి కాఫీ హోటల్లో ఇడ్లీ తెచ్చేవాడు. యీ సర్వరు పనీ అదే. అడిగినవాడికి అడిగింది తెచ్చిపెట్టడం. కాకపోతే దీనికి రాత్రీ పగలూ లేదు.

మనుషులు అస్తమానం వాటి ముందు కూర్చోలేరు గనుక ఆ కావలి యింకొక యంత్రానికి అప్పగించారు. అందుకు నాజియోస్ వంటి ప్రోగ్రాములున్నాయి. కొన్ని నిమిషాలకోసారి ఆ యంత్రం ప్రతి సర్వరునూ “ఏమయ్యా, వున్నావా?” అని పలకరిస్తుంది. యీ పలకరింపు పేరు పింగ్. 1983లో మైక్ మ్యూస్ అనే అమెరికను దీన్ని రాసి, జలాంతర్గాములను వెతకడానికి నీళ్లలోకి పంపే శబ్దం పేరే దీనికి పెట్టాడు.

వున్నానంటే చాలదు. తలుపులు తీసి వున్నంత మాత్రాన కొట్లో సరుకున్నట్టు కాదు గదా! పేజీలు పంపుతున్నావా, వుత్తరాలు చేరవేస్తున్నావా, డిస్కులో చోటెంత మిగిలింది అని ఆరా తీస్తుంది. ఒకసారి పలక్కపోతే కంగారుపడదు. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే మా అమ్మాయికి ఎస్సెమ్మెస్ కొడుతుంది. పావుగంటలో ఆమె లేవకపోతే పై అధికారిని లేపుతుంది.

“వాట్సప్ వుండగా యింకా ఎస్సెమ్మెస్ ఏమిటే?” అని ఒకరోజు అడిగాను.

“నాన్నా, వంతెన కూలిన కబురు ఆ వంతెన మీదనుంచే రావాలంటే ఎలా వస్తుంది?” అంది.

నిజమే. యింటర్నెట్టు తీగ తెగితే ఆ సంగతి యింటర్నెట్టు మీద ఎలా పంపుతారు? అందుకని కావలి యంత్రానికి సిమ్ముకార్డు వేసిన చిన్న మోడెము తగిలిస్తారు. కబురు సెల్‌టవరు దారిన వస్తుంది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్కు సుమారు ఆరు గంటలు ప్రపంచానికి కనబడకుండా పోయింది. మరమ్మతు పనుల్లో యిచ్చిన ఒక ఆజ్ఞతో ఆ సంస్థ సొంత దారులన్నీ మూసుకుపోయాయి. సరిచేసే పనిముట్లు కూడా ఆ దారులనే నమ్ముకుని వుండటంతో ఇంజనీర్లు స్వయంగా సర్వర్లున్న చోటికి వెళ్లవలసివచ్చింది.

ఎస్సెమ్మెస్సుకు తంతిలాగే పొదుపు ఎక్కువ. ఇంగ్లీషు అక్షరాలయితే 160, మన తెలుగయితే 70 మాత్రమే. గుణింతాలూ ఒత్తులూ కూడా లెక్కలోకే వస్తాయి! 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ పంపిన మొట్టమొదటిది క్రిస్మస్ శుభాకాంక్ష. మా యింటికి వచ్చేవాటిలో శుభం వెతికినా దొరకదు.

కిందటేడు ఒక నెలంతా రాత్రికి ముప్ఫై, నలభై వచ్చేవి. ఒక రూటరు పడిపోతే దాని వెనకనున్న సర్వర్లన్నీ పడిపోయినట్టే గోల. వీధి ట్రాన్స్‌ఫార్మరు పేలితే ప్రతి యింటివారూ విడివిడిగా ఫోను చేసినట్టు! పిల్ల కళ్ల కింద నల్లని చారలు దిగాయి. అన్నం ముందు కూర్చునే తూగేది. మా ఆవిడ “యీ వుద్యోగం మానెయ్యవే” అనేదాకా వచ్చింది. చివరికి “నాన్నా పులి” కథ కానే అయింది. ఒకనాటి రాత్రి డిస్కు నిండిపోతున్నదన్న నిజమైన కబురు ఆ గోలలో కలిసిపోయింది. తెల్లవారి మూడు గంటలపాటు ఖాతాదారుల పనులన్నీ ఆగిపోయాయి.

ఆ తర్వాత వాళ్లంతా కూర్చుని ఒక నియమం పెట్టుకున్నారు. లేచి చేయవలసిన పని లేకపోతే మనిషిని లేపకూడదు. తక్కినవన్నీ పొద్దున ఆఫీసులో చూసుకోవచ్చు. యిప్పుడు వారానికి ఒకటో రెండో వస్తాయి. వచ్చినదానికి విలువ వుంది.

“మరి ఆ కావలి యంత్రమే చచ్చిపోతే?” అన్నాను.

దానికీ వుపాయం వుందిట. వేరే వూళ్లో యింకొక యంత్రానికి యిది నిమిషానికోసారి “క్షేమం” అని కబురు పెడుతూ వుంటుంది. ఆ కబురు రాకపోవడమే ప్రమాద ఘంటిక. కబురు లేదంటే క్షేమమేనని మనం సరిపెట్టుకుంటాం. యీ పనిలో అలా కుదరదు.

యిది వినగానే మా వీధి చివరి పెద్దావిడ గుర్తుకొచ్చింది. పిల్లలు విదేశాల్లో వున్నారు. ఆవిడ ఒక్కతే వుంటుంది. తెల్లవారకట్ల వాకిట ముగ్గు వెయ్యనిరోజు లేదు. మొన్న సంక్రాంతి ముందు ఒకనాడు ముగ్గు కనబడక పాలవాడు తలుపు కొట్టాడు. పలుకు లేదు. పక్కవాళ్లను పిలిచి తలుపు తీయించి చూస్తే పెరట్లో జారిపడి వుంది. వేళకు ఆసుపత్రికి చేర్చారు గనుక బతికి బయటపడింది.

దూరాన తల్లిదండ్రులున్నవారు యిటువంటి ఏర్పాటు ఒకటి చేసుకోవడం మంచిది. పూటకో ఫోను అక్కర్లేదు. రోజూ ఫలానా వేళకు రావలసిన చిన్న కబురొకటి వుంటే చాలు. అది రానినాడు తలుపు తట్టే మనిషి వూళ్లో ఒకరుండాలి.