నికోటిన్ తగ్గింపు – సంకల్పానికి ఒక సహాయం

బంధమన్న పదాన్ని మనం ఎక్కువగా జీవాత్మ విషయంలోనే ప్రయోగిస్తాం. కానీ ఒక సిగరెట్టులో సైతం బంధతత్త్వం ఎంత సూక్ష్మంగా పనిచేస్తుందో సాధకులు గమనించదగినది.

ధూమపానంలో దేహాన్ని క్షీణింపజేసేది ప్రధానంగా పొగ. అందులోని తారు, కార్బన్ మోనాక్సైడు వంటివే క్యాన్సరుకు, హృద్రోగానికి, శ్వాసకోశ వ్యాధులకు హేతువులు. మనిషిని ఆ పొగ వద్దకు పదేపదే లాగుకొని వచ్చే పాశం మాత్రం నికోటిన్.

మా మేనమామగారు సంధ్యావందనం తప్పని నిష్ఠాపరులు. ప్రతి ఏకాదశికీ సిగరెట్టు మానాలని సంకల్పించేవారు. ఉపవాసం అనాయాసంగా సాగేది. ఆ సంకల్పం మాత్రం ద్వాదశి పారణ వరకైనా నిలిచేది కాదు. చిత్తం కలతపడేది, నిద్ర పట్టేది కాదు. బంధువులు దానిని మనోదౌర్బల్యమన్నారు. క్షుద్బాధను జయించినవారికి మనోబలం లేదనడం నాకెన్నడూ యుక్తమని తోచలేదు. చివరకు ఊపిరితిత్తుల వ్యాధితోనే ఆయన గతించారు.

అటువంటివారి సంకల్పం నిలదొక్కుకొనే ఉపాయాన్ని అమెరికాలో చాలాకాలంగా యోచిస్తున్నారు. సిగరెట్లలోని నికోటిన్‌ను వ్యసనం కలిగించలేని స్థాయికి తగ్గించాలని 1994లో బెనోవిట్జ్, హెనింగ్‌ఫీల్డ్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. 2009 నాటి చట్టం ఆ తగ్గింపు అధికారాన్ని ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు ఇచ్చింది. పూర్తిగా శూన్యం చేయరాదని కూడా నియమించింది. గ్రాము పొగాకులో నికోటిన్ 0.7 మిల్లీగ్రాములకు మించరాదని 2025 జనవరిలో ఆ సంస్థ ప్రతిపాదించింది. అది అమలైతే 2100 నాటికి సుమారు 4 కోట్ల 80 లక్షల మంది యువజనులు ధూమపానం ఆరంభించకుండానే ఉంటారని దాని అంచనా. న్యూజీలాండ్ 2022లో ఇటువంటి చట్టమే చేసి, అమలుకు రాకముందే 2024లో రద్దు చేసుకొంది.

నికోటిన్ తగ్గితే మరిన్ని సిగరెట్లు కాల్చరా అన్న సందేహం సహజం. పూర్వపు 'లైట్' సిగరెట్లలో పొగాకు మారలేదు. ఫిల్టరు రంధ్రాల గుండా గాలి కలిసేది, అంతే. గాఢంగా పీల్చి కావలసిన మోతాదును రాబట్టుకొనేవారు. ఇక్కడ పొగాకులోనే నికోటిన్ అత్యల్పం. 840 మందితో ఆరు వారాలు జరిపిన పరీక్షా ఫలితాలు 2015లో వెలువడ్డాయి. గ్రాముకు 0.4 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్నవి ఇచ్చినవారు చివరికి రోజుకు సుమారు 15 కాల్చగా, 15.8 మిల్లీగ్రాములున్నవి ఇచ్చినవారు సుమారు 21 కాల్చారు.

అయినా నికోటిన్ తగ్గిన సిగరెట్టు నిరపాయకరమని భావించరాదు. పొగ పొగే. కాఫీ వేళకు, మిత్రగోష్ఠికి అలవడిన వాసన కూడా చట్టంతో నశించదు. దానికి అభ్యాసవైరాగ్యాలే శరణ్యం. కానీ దేహగతమైన పాశాన్ని సడలిస్తే, పురుషప్రయత్నం ఫలించే అవకాశం ఏర్పడుతుంది. వ్యసనగ్రస్తుని నిందించేవారు ముందుగా ఆ అవకాశాన్ని అతనికి కల్పించడం ధర్మమని నా విశ్వాసం.