చౌక విమానయానము – గృహిణు లెఱుగవలసిన సంగతులు

గడచిన వేసవిసెలవులలో మాయింటివారును మేమును కౌలాలంపురమునకు విమానమున పోయి వచ్చితిమి. అచ్చట మా చెల్లెలు కాపురమున్నది. ఆమెకప్పుడు ఏడవనెల. మా యమ్మ మోకాళ్లనొప్పులచే కదలలేక, ఆవకాయజాడీని మా చేతికిచ్చి, “ఇది దాని నోటికందవలెను” అని మఱిమఱి చెప్పి పంపెను.

బడిపంతులుగారి జీతములో విమానయానమా యని సోదరీమణులు శంకింపవచ్చును. చౌకవిమానములు వచ్చిన పిమ్మట అది యసాధ్యము కాదు. కాని చౌక యేల చౌకయో తెలియక బయలుదేరుటచే మేము నష్టపడితిమి. ఆ తెలివి తక్కినవారికైన ఉపకరించునని యీ నాలుగుమాటలు వ్రాయుచున్నాము.

అమెరికాలోని టెక్సాసులో సౌత్‌వెస్ట్ అను సంస్థ 1971లో విమానములు నడపసాగి యీ పద్ధతికి దారిచూపెను. మనదేశమున కెప్టెన్ గోపీనాథ్ 2003లో ఆరంభించిన ఎయిర్ డెక్కన్, ఒక్కరూపాయి టిక్కెట్లతో పేరుపొంది, 2008లో కింగ్‌ఫిషరులో లీనమయ్యెను. ఇందలి కిటుకు గృహిణికి సులభముగనే బోధపడును. అన్నియు నొకేజాతి విమానములైనచో మరమ్మతుసామగ్రియు, సిబ్బందికి నేర్పు చదువును ఒకటే చాలును. నేలపై నిలిచిన విమానము కాసైన సంపాదింపదు. కావున దిగినది దిగినట్లే మరల నెగురవలెను. కుర్చీలు ఇఱుకు, భోజనము వెలకు. టిక్కెట్టు సొమ్ము కుర్చీకి మాత్రమే. తక్కిన ప్రతివస్తువునకును వేఱుగా చెల్లింపవలయును. పూటకూళ్లయింట అన్నమునకొక వెల, నేతికొక వెల యన్నట్లే.

మేము పొరపడినది యిచ్చటనే. మనదేశములో తిరుగు విమానములలో సాధారణముగా పదిహేను కిలోల పెట్టె టిక్కెట్టుతోనే చెల్లును. అట్లే యని తలచి, ఆవకాయ, అప్పడములు, వడియములు పెట్టెనిండ సర్దితిమి. శంషాబాదులో తూచువారు టిక్కెట్టు చూచి, మాకు చేతిసంచి యేడు కిలోలే యనిరి. ఊరగాయను చేతిసంచిలో పెట్టుకొందమన్న, నూనె, నెయ్యి, పెరుగు, పచ్చడి వంటివి నూఱు మిల్లీలీటర్లకు మించి తనిఖీ దాటనీయరు. జాడీని చెత్తబుట్టలో వదలుటయో, సొమ్ము చెల్లించుటయో రెండే మార్గములు. మాయింటివారు మా మొగము చూచిరి. సీమంతమునకు చెల్లెలికి చీర కొనవలెనని దాచుకొన్న సొమ్ము అచ్చటనే చెల్లించితిమి. సంస్థవారిని నిందింప పనిలేదు. ఆ నియమము మా టిక్కెట్టుపై చిన్నయక్షరములతో నున్నదే.

మఱియొక గండము త్రుటిలో తప్పినది. మన పంచాంగమున దినము సూర్యోదయముతో మొదలగును, టిక్కెట్టులో నర్ధరాత్రితో. ఆదివారము 12 గంటల 30 నిమిషముల రాత్రి విమానమనగా శనివారము రాత్రియే యిల్లు కదలవలెను. మేము ఆదివారము రాత్రి యని యనుకొనియుంటిమి. మాయింటివారు ముందురోజు మరల చదువుటచే బ్రతికితిమి.

ఇక గుర్తుంచుకొనవలసినవి. పెట్టె బరువును టిక్కెట్టుతోడనే కొనుడు; విమానాశ్రయమున కొన్న మిక్కిలి యధికము. ఇంట తూచుకొని బయలుదేరుడు. పేరు పాసుపోర్టులో నున్నట్లే యుండవలెను. మన స్త్రీలకు ఇంటిపేరు ఒకచోట పొడియక్షరముగను, ఒకచోట పూర్తిగను ఉండుటచే చిక్కులు కలుగును. పక్కపక్క కుర్చీలు కావలెనన్న ముందే కొనవలెను. లేనిచో తల్లి యొకచోట, కూతురొకచోట. వృద్ధులకు చక్రములకుర్చీ ముందే కోరుడు. ఖాళీసీసా తీసికొనిపోయి తనిఖీ దాటినపిదప నీరు నింపుకొనవచ్చును. కొన్ని సంస్థలు బయటి తిండి విమానములో తిననీయవు. రెండు సంస్థల టిక్కెట్లు విడివిడిగా కొన్నచో, మొదటిది ఆలసించిన రెండవది మీకై నిలువదు. నడుమ చాల వ్యవధి యుండవలెను.

నాలుగుగంటల ప్రయాణమైన పిమ్మట తెల్లవాఱుజామున దిగితిమి. అచ్చటి గడియారము మనకంటె రెండున్నరగంటలు ముందు. చెల్లెలు గుమ్మములోనే జాడీమూత విప్పి, వాసన చూచి, మాటలాడక నిలిచిపోయెను. సీమంతమునాడు క్రొత్తచీర లేకపోయెను. మా పెట్టెలోని పట్టుచీరనే మడత మార్చి యిచ్చితిమి. ఆమె దానిని కట్టుకొని, “అక్కా, ఇది నీ పెండ్లినాటిది కదా” అనెను. మేము ఔననలేదు, కాదనలేదు.

తిరుగుప్రయాణమునకు వారముముందే పెట్టెబరువు కొంటిమి. వచ్చునప్పుడిచ్చిన దానిలో సగముకూడ కాలేదు. కనుక సోదరీమణులారా, టిక్కెట్టు వెల చూచి మురియకుడు. ఒక కాగితముపై పెట్టె, కుర్చీ, తిండి, బండి కూలి యన్నియు వ్రాసి మొత్తము కట్టి, పిదప చౌకయో కాదో నిర్ణయించుకొనుడు.