రెండు మాలలు

తెల్లారకముందే డెంకణికోట వైపు తోటల నుంచి హోసూరు పూలంగడికి గులాబీ బుట్టలు దిగుతాయి. 2023 నవంబరులో ఓ ఆదివారం అక్కడ రెండు మాలలు కొన్నాను. "ఎవురి పెండ్లన్నా?" అనడిగింది పూలామె. జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. బెంగళూరు బస్సెక్కాను, ప్రైడ్ ఊరేగింపుకు.

అంతకు ముందు నెల, అక్టోబరు 17న, స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వలేమని సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టుకెక్కిన జంటల్లో సుప్రియో, అభయ్‌లది హైదరాబాదే. 2021లోనే అయినవాళ్ల ఎదుట ఉంగరాలు మార్చుకున్నారు.

మా పెండ్లి హోసూరు చంద్రచూడేశ్వరుడి కొండ మీద జరిగింది. ఏళ్ల తరవాత కృష్ణగిరిలో ఓ ఆస్పత్రిలో, మా ఆవిడ ఆపరేషన్ కాగితం నా ముందు పెట్టి "మీరేమవుతారు?" అన్నారు. "భర్తని" అన్నాను. ఆ ఒక్క మాటకే తలుపు తెరుచుకుంది. అది అందరి నోటా చెల్లే మాట కాదని అప్పుడు తోచనే లేదు.

ఊరేగింపులో నా పక్కన ఇద్దరు నడివయసువాళ్లు నడుస్తున్నారు. పద్నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారట. మాలలు వాళ్ల చేతుల్లో పెట్టాను. ఒకాయన వేయబోతే దారం రెండో ఆయన చెవికి తగులుకుంది. అది విడిపించేదాకా ఆయన తల వంచుకొని కదలకుండా నిలబడ్డాడు, ఆనాడు కొండ మీద మా ఆవిడ నిలబడ్డట్టే.