క్యూట్ అనే మాటలో సూది

పిల్లలూ! కుక్కపిల్లను చూసినా, బోసినవ్వుల పాపాయిని చూసినా "ఎంత క్యూట్‌గా ఉందో!" అంటారు గదా మీరు? ముద్దుగా ఉన్నదని మీ భావం. కాని ఈ ఇంగ్లీషు మాట పుట్టినప్పుడు దానికి ముద్దుతో ఏ సంబంధమూ లేదు!

లాటిన్ భాషలో "ఆకుస్" అంటే సూది. దాని చుట్టమే "ఆకూటుస్" అనే మాట. అంటే వాడిగా, మొనదేలి ఉన్నది అని అర్థం. అందులోనుంచి ఇంగ్లీషువారి "అక్యూట్" వచ్చింది. లెక్కల పుస్తకంలో మీరు దీన్ని చూసే ఉంటారు. 90 డిగ్రీలకన్న తక్కువ ఉండే కోణం అక్యూట్ కోణం. చురుకైన బుద్ధిని కూడా వారు అక్యూట్ అన్నారు. మనం "కుశాగ్రబుద్ధి" అనమూ? కుశ అంటే దర్భ. దర్భకొనలాగా వాడి అయిన బుద్ధి అన్నమాట. వారికి సూది దొరికింది, మనకు దర్భ దొరికింది!

జనం నోట నలిగి మాటలు అరిగిపోతాయి. "ఎలోన్" అనే మాట తల పోగొట్టుకుని "లోన్" అయింది. అలాగే "అక్యూట్" కాస్తా "క్యూట్" అయింది. 1731 నాటికే ఈ పొట్టి మాట వాడుకలో ఉన్నది. అప్పుడు దాని అర్థం తెలివైన, గడుసైన అని. మరి నూరేళ్ళకు, 1830 తరువాత, అమెరికాలో దానికి అందమైన, ముద్దైన అనే అర్థం వచ్చింది. అయినా పాత అర్థం పూర్తిగా పోలేదు. అతితెలివి చూపేవాణ్ణి "నా దగ్గర క్యూట్ వేషాలు వెయ్యకు" అని అమెరికావారు ఈనాటికీ కసురుతారు.

మా అన్నయ్య మనమరాలు ఒకసారి చదరంగంలో నన్ను ఓడించింది. చూస్తున్న చుట్టాలు "ఎంత క్యూట్‌గా ఆడిందో!" అని దాని బుగ్గ గిల్లారు. పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని, "గెలిచింది నేను గదా, తాతయ్యా! ఆ సంగతి ఒక్కరూ అనరేం?" అన్నది. అప్పుడు దానికి ఈ మాట కథంతా చెప్పాను. "అయితే నేను పాత క్యూట్!" అని అది మళ్ళీ పావులు పేర్చింది.

ఆ పిల్ల అడిగింది న్యాయమే. ముద్దు ముఖం దగ్గరే ఆగిపోతుంది. పాత అర్థం లోపలి బుద్ధిని చూస్తుంది. అందుచేత, మీ చెల్లెలో తమ్ముడో ఒక మంచి ప్రశ్న వేస్తే, బుగ్గ గిల్లి ఊరుకోకండి. కూర్చోబెట్టి జవాబు చెప్పండి!