బావ జబ్బ మీద టీకా మచ్చ, మా ల్యాప్‌టాప్‌లో 13 వరసలు

జంగారెడ్డిగూడెం హాస్టల్ నుంచి రాస్తున్నాం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు, తప్పులుంటే పెద్దలు చెప్పండి.

సంక్రాంతి సెలవులకి గూడెం పోతే బావ టీబీ మందులు వాడుతున్నాడు. అత్త అతని చొక్కా చెయ్యి పైకి లాగి మచ్చ చూపించింది. "బీసీజీ వేయించాం గదరా, మరెందుకొచ్చింది? చదువుకుంటున్నావు గదా, చెప్పు" అంది. చెప్పలేకపోయాం.

తర్వాత స్టాటిస్టిక్స్ ప్రాజెక్టు కోసం ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మెటాఫర్ ప్యాకేజీ ఎక్కించాం. అందులో నేర్చుకోడానికి ఇచ్చిన ఉదాహరణ బీసీజీయే! 1948 నుంచి 1980 దాకా అచ్చయిన 13 పరిశోధనలు, ఒక్కోటి ఒక్కో వరస. ఒకటి మన మదనపల్లెది: టీకా వేసిన 5,069 మందిలో 33 మందికి, వేయని 5,808 మందిలో 47 మందికి టీబీ వచ్చింది. మద్రాసు దగ్గర చేసినదాంట్లో రెండు పక్కలా 88,391 మంది. టీకా వేసినవాళ్లలో 505, వేయనివాళ్లలో 499. అంటే పనిచేయనట్టే. అమెరికా, కెనడా ఆదివాసీల మీద చేసినవి మూడున్నాయి, వాటిలో టీకా బాగా కాపాడింది. వాళ్లని అడిగే వేశారా అన్నది ఆ ఫైలులో లేదు. ఆ వరసల దగ్గర చాలాసేపు ఆగిపోయాం.

ఒకే టీకా, ఇన్ని జవాబులేంటి? అది వెతికేదే మెటా రిగ్రెషన్. టీకా వేసినవాళ్ల ముప్పుని వేయనివాళ్ల ముప్పుతో భాగించి, లాగ్ తీసి, ఆ చోటి అక్షాంశానికి ఎదురుగా పెట్టి గీత గీయాలి. మేం మొదట మామూలు రిగ్రెషన్ కమాండ్ కొట్టేశాం. 262 మంది ఉన్నదానికీ, లక్షా డెబ్భై ఆరు వేల మంది ఉన్నదానికీ ఒకే బరువు పడింది! సార్ నవ్వి ఆర్‌ఎంఏ కమాండ్ వాడమన్నారు. అది కచ్చితత్వాన్ని బట్టి బరువిస్తుంది, పరిశోధనల మధ్య ఇంకా మిగిలే తేడానీ లెక్కలో వేస్తుంది.

గీత వాలు మైనస్ 0.029. భూమధ్యరేఖకి దూరం పోయేకొద్దీ టీకా బలం పెరిగింది. పరిశోధనల మధ్య తేడాలో 76 శాతం దాకా అక్షాంశంతోనే సర్దుకుంది. మన 17 డిగ్రీల దగ్గర టీకా లేకుండా 100 మందికి వచ్చేచోట, టీకాతో 78 మందికి వస్తుందని లెక్క తేలింది. 44 డిగ్రీల దగ్గరైతే 36.

సంబరపడ్డాం గానీ, ఉన్నవి 13 చుక్కలే. అక్షాంశం వెనక ఉన్నది మట్టిలోని సూక్ష్మజీవులో, ఇంకేదో. పైగా ఇది చోటుకీ చోటుకీ తేడా చెబుతుంది, బావకే ఎందుకొచ్చిందో చెప్పదు.

అత్తకి ఫోన్ చేశాం. "మన వైపు ఆ టీకా పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని సరిగా ఆపలేదు, నీ తప్పేం లేదత్తా" అన్నాం.

"అయితే చంటిదానికి వేయించొద్దా?" అంది.

గుండె ఆగినంత పనైంది. "వేయించత్తా! పసిపిల్లలకి మెదడుకి పాకే టీబీ రాకుండా అదే కాపాడేది" అని రెండుసార్లు చెప్పాం. బావకి ఇంకా రెండు నెలల మందులున్నాయి, మధ్యలో ఆపొద్దని కూడా.